వలస వంటిల్లు, గుండె ఆరోగ్యం: చైనీయుల అనుభవంలో విస్తరణ శాస్త్రానికి పనికివచ్చేదేమిటి?

హామిల్టన్, టొరంటో, ఎడ్మంటన్ నగరాలలో స్థిరపడిన 985 మందిని పరీక్షించిన కెనడా అధ్యయనమొకటి 2000 సంవత్సరంలో 'లాన్సెట్' పత్రికలో వెలువడింది. వారు దక్షిణాసియా, చైనా, ఐరోపా మూలాలకు చెందినవారు. హృదయ, రక్తనాళ వ్యాధులు దక్షిణాసియా వారిలో 10.7 శాతం మందికి, ఐరోపా మూలాల వారిలో 5.4 శాతం మందికి ఉండగా, చైనా మూలాల వారిలో 2.4 శాతం మందికి మాత్రమే కనిపించాయి. ఒకే దేశం, ఒకే విధమైన ఆసుపత్రులు, ఒకే విధమైన అంగళ్లు. అయినా మనవారికీ చైనీయులకూ మధ్య నాలుగు రెట్లకు పైగా తేడా ఉంది. ఈ అంకెలను తరగతి గదిలో చూపినప్పుడెల్లా విద్యార్థుల నుంచి వచ్చే మొదటి సమాధానం ఒక్కటే: 'చైనా వారి తిండి మంచిది.' ఆ సమాధానం సగమే నిజమనీ, ఆ సగం నిజాన్ని పట్టుకొని ఆహార సలహాలు తయారు చేయడం వల్ల విస్తరణ విభాగాలకు మేలు కంటే కీడే ఎక్కువనీ నా అభిప్రాయం.

చైనా తిండి అంత మంచిదైతే చైనాలో పక్షవాతం అంత ఎక్కువగా ఎందుకున్నది? గుండెపోటు తక్కువని మనం మెచ్చుకొనే ఆ సమాజమే దశాబ్దాలుగా మెదడు రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల, చిట్లడం వల్ల మనుషులను పోగొట్టుకుంటున్నది. దీనికి ప్రధాన కారణం రక్తపోటు. రక్తపోటు వెనుక ఉన్న కారణాలలో ముఖ్యమైనది ఉప్పు. చైనా, జపాన్, బ్రిటన్, అమెరికా దేశాలలో 4,680 మందిపై జరిగిన 'ఇంటర్‌మ్యాప్' అధ్యయనం 24 గంటల మూత్రాన్ని సేకరించి సోడియాన్ని కొలిచింది. చైనా ఉత్తర ప్రాంతపు బీజింగ్, షాన్షీ నమూనాలలో అది దక్షిణాదిన ఉన్న గ్వాంగ్షీ నమూనా కంటే చాలా ఎక్కువగా తేలింది. ఇందులో వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఆశ్చర్యం కలిగించేదేమీ లేదు. ఉత్తరాదిన చలికాలం దీర్ఘం, నేల గడ్డకట్టుకుపోతుంది. గోధుమ, జొన్న, కొర్ర ప్రధాన ధాన్యాలు. తాజా ఆకుకూర దొరకని నెలల కోసం క్యాబేజీని, ఆవకూరను, ముల్లంగిని ఉప్పులో ఊరవేసి దాచుకోవలసి వచ్చేది. దక్షిణాదిన వరి, చెరువు చేప, ఏడాది పొడవునా ఆకుకూర ఉంటాయి. ఒకే దేశపు రెండు వ్యవసాయ మండలాలు ప్రజలకు రెండు విధాలైన రక్తపోటును ఇచ్చాయన్నమాట. ఆకుకూరల్లో పొటాషియం ఉంటుందనీ, అది సోడియం ప్రభావాన్ని కొంత అణచుతుందనీ గుర్తుంచుకుంటే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది.

అందువల్ల 'చైనా వలసదారు' అన్న మాట వినగానే, ఏ చైనా నుంచి, ఎప్పుడు అని అడగవలసి ఉంటుంది. పంతొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగంలో బంగారు గనుల కోసం, ఆ తరువాత రైలు మార్గం పనుల కోసం కాలిఫోర్నియా చేరినవారిలో అత్యధికులు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ముత్యాల నది పరీవాహక ప్రాంతపు పల్లెల నుంచి వెళ్లినవారు. 1882లో అమెరికా చైనా కార్మికుల రాకను చట్టం ద్వారా నిషేధించింది. ఆ నిషేధం 1943 వరకు సాగింది. 1965 చట్టం తరువాతనే కుటుంబాలు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగాయి. ఆ తరువాత హాంకాంగ్, తైవాన్ వారు, ఫూజియన్ తీరవాసులు, ఇటీవలి కాలంలో ఉత్తర నగరాల విద్యావంతులు వెళ్లారు. వరి తిని పెరిగినవారు, గోధుమ రొట్టె తిని పెరిగినవారు, విశ్వవిద్యాలయ ఆచార్యులు, హోటల్ వంటశాలలో పొద్దుపోయేదాకా నిలబడి పనిచేసేవారు అందరూ సర్వే పత్రంలో ఒకే గడిలో పడతారు. అనేక పత్రాలలో ఆ గడి పేరు ఇంకా పెద్దది: 'ఆసియా వాసులు'. అందులో మనమూ ఉన్నాం. కెనడా అంకెలలో చివరి వరుసలోని చైనీయులనూ మొదటి వరుసలోని దక్షిణాసియా వారినీ కలిపి సగటు తీస్తే ఇరువురి సంగతీ తెలియకుండా పోతుంది.

ఇక వంటింటి విషయం. చైనా భోజనాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువారికి విదేశీ పదకోశం అవసరం లేదు. వారి భోజనంలో రెండు భాగాలుంటాయి. 'ఫాన్' అంటే అన్నం లేదా ధాన్యంతో చేసిన మరే ముఖ్య పదార్థమైనా కావచ్చు. 'త్సాయ్' అంటే దానికి తోడుగా వచ్చే కూర. అచ్చంగా మన అన్నం, కూర. కూర ఉన్నది అన్నం తినడానికే గాని కడుపు నింపడానికి కాదన్న భావన ఇరువురిలోనూ ఉన్నది. 'భోజనం అయిందా?' అని పలకరించే అలవాటు కూడా ఇరువురిదీ. జబ్బుపడినవారికి వారు పెట్టే బియ్యపు జావను ఆంగ్లంలో 'కాంజీ' అంటారు. ఆ మాట తమిళ 'కంజి' నుంచి వెళ్లినది, మన గంజికి చుట్టం. కొన్ని పదార్థాలు వేడి చేస్తాయనీ, కొన్ని చలువ చేస్తాయనీ వారు నమ్ముతారు. మన పట్టణాలలో బండ్ల మీద దొరికే మంచూరియాకు మాత్రం ఆ ఇళ్ల భోజనంతో సంబంధం లేదు. అది భారతదేశంలోనే పుట్టిన వంటకం.

వలస తరువాత ఈ ఫాన్, త్సాయ్‌ల పాళ్లు తలకిందులవుతాయి. పల్లెలో మాంసం రుచి కోసం నాలుగు ముక్కలుగా కూరలో పడేది. అమెరికాలో మాంసం చవక, శ్రమ ఖరీదు, కాలం కరువు. కూరలో మాంసం పెరుగుతుంది, కూర మొత్తమూ పెరుగుతుంది, అన్నం తగ్గుతుంది. నూనె విషయంలో పొదుపు పోతుంది. మార్పు రోజంతటా ఒకేసారి రాదు. మొదట మారేది ఉదయపు ఆహారం, తరువాత మధ్యాహ్న భోజనం, అన్నిటికంటే ఆలస్యంగా మారేది రాత్రి కుటుంబమంతా కలిసి చేసే భోజనం. జావ స్థానంలో రొట్టె, పాలు, తీపి కలిపిన ధాన్యపు పెచ్చులు వస్తాయి. పిల్లలు బడి నుంచి శీతల పానీయాలు అలవాటు చేసుకొని వస్తారు. అయితే మార్పులన్నీ చెడ్డవి కావు. పాలు, పండ్లు, రకరకాల కాయగూరలు పుట్టిన ఊరిలో కంటే ఎక్కువగా అందుతాయి. ఉత్తరాది వారికి ఊరవేసిన కూర అవసరం తగ్గుతుంది. వలస వల్ల ఆహారం 'పాడవుతుంది' అని ఒక్క మాటలో చెప్పేవారు ఈ రెండవ పక్షాన్ని చూడరు.

ఉప్పు సంగతి మరింత ఆసక్తికరం. చైనాలో తినే సోడియంలో సుమారు నాలుగింట మూడు వంతులు ఇంటి వంటలో వేసే ఉప్పు నుంచే వచ్చేదని ఇంటర్‌మ్యాప్ లెక్కలు చూపాయి. అమెరికాలో దాదాపు అంతే వాటా కర్మాగారంలో తయారైన ఆహారం నుంచి వస్తున్నది. అంటే వలసదారు సముద్రం దాటినప్పుడు ఉప్పు వంటచేసే అమ్మ చేతిలో నుంచి కంపెనీ చేతిలోకి మారుతుంది. మొదటి తరంవారి విషయంలో రెండూ కలుస్తాయి. ఇంట్లో సోయా సాస్, బయట పొట్లాల తిండి. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు సూచించిన పరిమితి 2,000 మిల్లీగ్రాముల లోపు. 'మీరు రోజుకు ఎన్ని చెంచాల ఉప్పు వాడతారు?' అని అడిగితే ఆ గృహిణి నిజాయితీగానే 'అర చెంచా' అంటుంది. సాస్ ఆమె దృష్టిలో ఉప్పు కాదు. మన సర్వేలలో పచ్చడి, వడియం, అప్పడం ఉప్పు లెక్కలోకి రానట్లే.

కొలతల గురించి మరొక మాట. అందరూ నడుమ ఉంచిన గిన్నెల నుంచి ఎవరికి కావలసినది వారు తీసుకొని తినే భోజనంలో ఒక వ్యక్తి ఎంత తిన్నాడో చెప్పడం చాలా కష్టం. పళ్లెం వేరు, వాటా వేరు అన్న ఊహ మీద తయారైన పాశ్చాత్య ప్రశ్నావళులు ఇక్కడ సరిగా పనిచేయవు. అటువంటి ప్రశ్నావళులను తర్జుమా చేసి మన జిల్లాలలో వాడుతున్న విద్యార్థులను నేను ప్రతి ఏటా చూస్తున్నాను. అందులో ఓట్స్‌కు గడి ఉంటుంది, గోంగూరకు ఉండదు.

గుండె మీద ఈ మార్పుల ఫలితం ఏమిటి? 2015లో వెలువడిన ఆంటారియో అధ్యయనం 8 లక్షల 24 వేలకు పైగా మొదటి తరం వలసదారుల ఆరోగ్య రికార్డులను పరిశీలించింది. చైనీయులు అత్యధికంగా ఉన్న తూర్పు ఆసియా వర్గంలో గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు అన్ని వర్గాలలోకీ తక్కువ. దక్షిణాసియా వర్గంలో అవి అందుకు రెట్టింపుకు పైగా ఉన్నాయి. నివాసం పదేళ్లు దాటేసరికి వలసదారులకు మొదట ఉన్న మేలు తగ్గుతూ వచ్చింది. దీనినంతా ఆహారానికి ఆపాదించడం తొందరపాటు. వలస వెళ్లగలిగేవారు సాధారణంగా ఆరోగ్యవంతులు, వీసా పరీక్షలు దాటినవారు. ఆ ఎంపిక ప్రభావం కాలంతో పాటు సహజంగానే తరుగుతుంది. వయసు, పొగతాగడం, పనిగంటలు, నడక తగ్గడం, ఒంటరితనం కూడా లెక్కలో ఉంటాయి.

ఒంటరితనం అన్నది అలంకారంగా వాడిన మాట కాదు. చైనీయుల పొరుగువారైన జపనీయుల మీద జరిగిన పాత అధ్యయనం ఈ విషయంలో నేటికీ పాఠ్యాంశం కాదగినది. జపాన్, హోనలూలూ, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతాలలోని జపాన్ మూలాల పురుషులను పోల్చి చూడగా, పడమటి ప్రపంచం వైపు జరిగినకొద్దీ హృదయ ధమనుల వ్యాధి పెరిగింది. జన్యువులు మారలేదు, జీవితం మారింది. అయితే కాలిఫోర్నియాలోనే ఉంటూ తమ సమాజపు కట్టుబాట్లను, అనుబంధాలను గట్టిగా నిలుపుకొన్నవారిలో ఆ వ్యాధి జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉన్నదనీ, ఆ తేడాను ఆహారం, కొలెస్టరాల్, పొగ, రక్తపోటు పూర్తిగా వివరించలేకపోయాయనీ మార్మట్, సైమ్ 1976లో రాశారు. ఆహారాన్ని పోషకాల పట్టికగా మాత్రమే చూసే అలవాటున్న మనవంటివారికి ఇది ఇబ్బంది కలిగించే ఫలితం. ఎవరితో కలిసి తింటున్నామన్న ప్రశ్నకు మన ప్రశ్నావళిలో చోటు లేదు.

వ్యవసాయ విశ్వవిద్యాలయపు పత్రికలో ఈ విషయం ఎందుకని అడిగేవారుంటారు. వలసదారు తాజా కూర తినగలడా లేదా అన్నది చివరికి పొలం దగ్గర తేలుతుంది కాబట్టి. చైనీయులకు కూర అంటే బాక్ చాయ్, గాయ్ లాన్, తోటకూర, బీర, కాకర, బూడిద గుమ్మడి, గజం పొడవు అలసంద. సగం పేర్లు మన సంతలోనివే. వీటి స్థానంలో ఐస్‌బర్గ్ లెట్యూస్ తినమంటే వారు తినరు, తినకపోవడంలో తప్పూ లేదు. తొలితరం చైనీయులు కాలిఫోర్నియా డెల్టాలో కరకట్టలు కట్టి, ఊళ్ల శివార్లలో కూరగాయల మడులు వేసి అమ్మేవారు. ఆరెగాన్‌లో ఒక తోట మేస్త్రీ అయిన ఆ బింగ్ పేరే బింగ్ చెర్రీకి వచ్చింది. ఫ్లోరిడా నారింజ మీద పనిచేసిన లూ గిమ్ గాంగ్‌కు 1911లో అమెరికా ఫల శాస్త్ర సంఘం వైల్డర్ పతకం ఇచ్చింది. రెండేళ్ల తరువాత, 1913లో, కాలిఫోర్నియా చట్టం ఆసియా వలసదారులకు భూమి కొనే హక్కు లేకుండా చేసింది. వంటింటి చరిత్రను భూమి హక్కుల చరిత్ర నుంచి విడదీయలేమనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

నేడు ఫ్రెస్నో జిల్లాలో ఆసియా కూరగాయలు పండించేవారిలో చాలామంది చైనీయులు కారు, లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మోంగ్ రైతులు. వారి బీర, కాకర, అలసంద చైనా కుటుంబాల వంటిళ్లకూ చేరుతున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విస్తరణ విభాగం వారి కోసం హ్మోంగ్ భాషలో రేడియో కార్యక్రమం నడిపింది. చిన్న కమతాలకు తగిన సలహాలు వారి భాషలోనే ఇచ్చింది. హృద్రోగ నివారణ అన్న మాట ఆ కార్యక్రమపు పేరులో ఎక్కడా లేకపోవచ్చు. నా దృష్టిలో అదీ హృద్రోగ నివారణే. ఇందుకు భిన్నమైన చిక్కూ ఒకటున్నది. చైనీయులు ఇష్టంగా వేపుకొని తినే తూటికూర అమెరికాలో సమాఖ్య హానికర కలుపు మొక్కల జాబితాలో ఉన్నది. అది నీటి కాలువలను కమ్మేస్తుందన్న భయం నిరాధారమైనది కాదు. కాబట్టి కొన్ని రాష్ట్రాలలో అనుమతి పత్రంతోనే పండించాలి. పోషకాహార నిపుణుడు 'ఆకుకూర తినండి' అని చెప్పిన చోటే కలుపు శాస్త్రవేత్త ఆపవలసి వస్తున్నది. ఈ ఇద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం మనకూ తెలియని సంగతి కాదు.

చైనాలో ఇటీవల వెలువడిన మూడు పరిశోధనలు విస్తరణ విద్యార్థులు తప్పక చదవవలసినవని భావిస్తాను. మొదటిది ఉత్తర చైనాలోని 600 గ్రామాలలో 20,995 మందితో జరిగి 2021లో ప్రచురితమైనది. మామూలు ఉప్పుకు బదులు 75 శాతం సోడియం క్లోరైడ్, 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పును సగం గ్రామాలకు ఇచ్చారు. సుమారు ఐదేళ్లలో ఆ గ్రామాలలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. వంట మారలేదు, రుచి దాదాపు మారలేదు, డబ్బాలోని ఉప్పు మాత్రమే మారింది. రెండవది షాన్షీ రాష్ట్రంలోని చాంగ్జీ నగరంలో 28 ప్రాథమిక పాఠశాలలలో జరిగినది. ఉప్పు తగ్గించడం గురించి పిల్లలకు బడిలో పాఠం చెప్పి, ఇంటికి వెళ్లి పెద్దలకు చెప్పమన్నారు. మూడున్నర నెలలలో ఆ ఇళ్ల పెద్దల ఉప్పు వాడకం రోజుకు సుమారు 2.9 గ్రాములు తగ్గింది. అత్తగారు కోడలి మాట వినకపోవచ్చు, మనవడి మాట కాదనలేదు. విస్తరణలో 'సందేశవాహకుడు ఎవరు' అన్న పాఠానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

మూడవది నా వాదనకు అన్నిటికంటే దగ్గరది. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ నగరాలలో రక్తపోటు ఉన్న 265 మందికి 28 రోజులపాటు భోజనం పెట్టారు. గుండెకు మేలన్న పేరుతో ఆలివ్ నూనె, సాల్మన్, బ్రౌన్ బ్రెడ్ పెట్టలేదు. షాండాంగ్, హువాయాంగ్, కాంటన్, సెచువాన్ అనే నాలుగు ప్రాంతీయ వంటల పద్ధతులలోనే ఉప్పును సుమారు సగానికి, కొవ్వును కొంతమేరకు తగ్గించి, పీచు, పొటాషియం పెంచి వండారు. మామూలు భోజనం తిన్నవారితో పోల్చితే సిస్టోలిక్ రక్తపోటు 10 మిల్లీమీటర్ల మేర అదనంగా తగ్గింది. ఇది ఒక మందు చేసే పనికి తీసిపోదు. వలసదారులకు 'మీ తిండి మానుకొని ఇది తినండి' అని దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన ఆహార పట్టికలకు ఇది సమాధానం. ఒకటి ఒప్పుకోవాలి. అక్కడ వండినవారు శిక్షణ పొందిన వంటవారు, గడువు నెల రోజులు. హోటల్‌లో పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన తల్లి దానిని ఏళ్ల తరబడి నిలుపుకోగలదా అన్నది వేరే ప్రశ్న. పరిశోధన తరువాతి పని అంతా అక్కడే ఉన్నది.

చైనీయుల అంకెలు చూసి మనం నేర్వవలసినది వారి వంటకాలను కాదు, వారి వంటింటిని వారు చదివిన తీరును. కెనడా లెక్కలలో అన్నిటికంటే పై వరుసలో ఉన్నది దక్షిణాసియా వారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. గుండె మారడానికి సముద్రం దాటనక్కరలేదని కూడా మనకు తెలుసు. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు కర్మాగారాలలో పనిచేస్తున్న వలస కార్మికులను, పల్లెలోనే ఉండిపోయిన వారి తోబుట్టువులతో పోల్చిన భారతీయ అధ్యయనంలో స్థూలకాయం, మధుమేహం వలస వెళ్లిన పురుషులలో దాదాపు రెట్టింపు. అన్నదమ్ములలో ఒకరు బస్సెక్కారు, ఒకరు ఎక్కలేదు. అంతే తేడా.

మన కంచంలో అన్నం వాటా ఇంకా చైనీయుల కంటే ఎక్కువ, పప్పు, కూర వాటా తక్కువ, ఉప్పు ఇంకా చాలావరకు ఇంటి వంటలోనే పడుతున్నది. ఈ మూడింటిలో చివరిది మనకు అనుకూలం. ఉప్పు కంపెనీ చేతిలోకి పూర్తిగా వెళ్లకముందే ఇంటి డబ్బా దగ్గర పని చేయవచ్చు. సిద్దిపేట ప్రాంతపు గ్రామాలలో రక్తపోటు ఉన్న 502 మందితో మూడు నెలలు జరిగిన పరీక్షలో పొటాషియం కలిపిన ఉప్పు సిస్టోలిక్ రక్తపోటును 4.6 మిల్లీమీటర్లు తగ్గించిందని 2021లో ప్రచురితమైంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఈ ఉప్పు ప్రమాదకరం. వైద్యుని సలహా లేకుండా పంచరాదు. ఆ జాగ్రత్తతో దీనిని కృషి విజ్ఞాన కేంద్రాల గృహవిజ్ఞాన కార్యక్రమాలలోకి ఎందుకు తీసుకోలేదో నాకు అర్థం కాదు. నూనె గింజల రకాలకు, చిరుధాన్యాలకు ప్రదర్శన క్షేత్రాలు పెడతాం. ఆవకాయలో ఉప్పు, నూనె ఎంత తగ్గించినా బూజు పట్టకుండా, రుచి చెడకుండా ఏడాది నిలుస్తుందో తేల్చే ప్రయోగం మాత్రం మన ఆహార శాస్త్ర విభాగాలకు చిన్నదిగా తోస్తుంది.

వచ్చే విద్యా సంవత్సరంలో గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థుల ప్రశ్నావళిలో మూడు గడులు అదనంగా చేర్చాలని మా విభాగానికి ప్రతిపాదించాను. ఇంట్లో నెలకు ఎన్ని కిలోల ఉప్పు కొంటారు? అందులో పచ్చళ్లకు ఎంత పోతుంది? రాత్రి భోజనం ఎవరెవరు కలిసి తింటారు? మూడవ ప్రశ్న శాస్త్రీయం కాదని ఒక సహోద్యోగి అభ్యంతరం తెలిపారు. మార్మట్, సైమ్ వ్యాసం ప్రతిని ఆయనకు పంపాను.